మూడో ప్రకటన

దేవకృప ఎక్కడ ఇరుక్కుని ఉందో ఒకసారి చూసుకుని ముందుకు పోదాం.

రాంగోపాల్‌పేట్ చర్చి ఆవరణలో, విరిగిన బెంచీలు దాచే గది పక్కన ఇంకో చిన్న గది ఉంది. వారానికి మూడు సాయంత్రాలు ఆవిడ అక్కడ కౌన్సెలింగ్ చేస్తుంది. పొద్దున పూట పని వేరేచోట, శారదమ్మ మేడం నడిపే కుటుంబ సలహా కేంద్రంలో. అక్కడిది జీతం, ఇక్కడిది సేవ. అక్కడి గోడ మీద ఒక నియమావళి, ఇక్కడి గోడ మీద ఇంకొకటి. కౌన్సెలరన్నవాళ్ళు ఎలా నడుచుకోవాలో రెండూ చెబుతాయి. రెండింటి కిందా ఆవిడ సంతకం ఉంది. రెండు పొయ్యిల మీద రెండు గిన్నెలు పెట్టినవాళ్ళకి తెలుస్తుంది, పొంగేటప్పుడు రెండూ ఒకేసారి పొంగుతాయని.

సైనిక్‌పురి నుంచి యేసుదాసు అనే అబ్బాయి ఈమధ్య ఆ గదికి వచ్చి, తలుపు వేసుకుని ఒక సంగతి చెప్పుకున్నాడు. కొన్నాళ్ళ కిందట మనసు పట్టు తప్పి ఆసుపత్రిలో ఉన్నాడు. ఇప్పుడు బాగున్నాడు. రోజూ ఒక మాత్ర వేసుకుంటాడు. పెళ్ళి నిక్షేపంగా చేసుకోవచ్చని డాక్టరు చెప్పాడు. చేసుకోబోయే పిల్ల డోరాకి మాత్రం అతనింకా చెప్పలేదు. డోరా ఎవరో కాదు, సంఘం సెక్రటరీ వెంకటరత్నంగారి కూతురు.

చర్చిలో పెళ్ళంటే వరసగా మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు చదివి, అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి చెప్పమని అడుగుతారు. దాన్నే ప్రకటన అంటారు. రెండు అయిపోయాయి. మూడోది రేపు. "మూడోది చదివేలోపల డోరాకి నేనే చెప్త అక్కా" అని యేసుదాసు మాటిచ్చాడు. ఇంతలో శనివారం సాయంత్రం, కమిటీ గదికి రమ్మని దేవకృపకి కబురొచ్చింది. పోయినసారి మనం ఆవిణ్ణి ఆ గుమ్మం దగ్గర వదిలేశాం.

లోపల బల్లకి అటువైపు మూడు కుర్చీలు, ఇటువైపు ఒకటి. ఒకటెవరికో అడగాల్సిన పని లేదు. టీ లేదు. చర్చికి సున్నం వేయడానికి బేరం మాట్లాడటానికొచ్చిన మనిషికి కూడా ఆ గదిలో టీ ఇస్తారు.

"వందనాలు అయ్యగారూ. వందనాలు అంకుల్. వందనాలు ఆంటీ."

"వందనాలమ్మా," అన్నారు పాస్టరు నోవహు అయ్యగారు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. గొడవ మొదలయ్యే ముందు ఆయన కళ్ళజోడు తుడుస్తారు. ముగిసేదాకా తుడుస్తూనే ఉంటారు. ఆ లెక్కన సంఘంలోకెల్లా శుభ్రమైన కళ్ళజోడు ఆయనదే.

వెంకటరత్నంగారు వందనం చెప్పలేదు. రైల్వేలో ఆఫీసు సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. రూలు అనే మాట పలికేటప్పుడు ఆయన గొంతులో ఇతరులు పాయసం అనేటప్పుడు పలికే తీపి పలుకుతుంది. ఆయన పక్కన అక్కగారు ఎలీసబెతు ఆంటీ. స్త్రీల సమాజానికి ప్రెసిడెంటు, డోరాకి మేనత్త, తల్లి లేని ఆ పిల్లని పెంచిన చేయి.

"ఆ కుర్రాడు నీ దగ్గరికి ఎందుకొస్తున్నాడు?" అన్నారు వెంకటరత్నంగారు.

"ఏ కుర్రాడంకుల్?"

"ఏ కుర్రాడంట! వింటున్నారా అయ్యగారూ? నీ గది ముందు ఎర్రబండి ఆగుతోంది కదా. ఆవరణలో ఎవరి బండి ఎక్కడ ఆగుతుందో నాకు తెలీదనుకున్నావా?"

"నా దగ్గరికి ఎవరొస్తారో నేను చెప్పకూడదంకుల్. రారని కూడా చెప్పకూడదు."

"ఏ ఊరి ధర్మమమ్మా ఇది?"

"రెండు గోడల మీదా ఉన్న ధర్మమే."

ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు ఆయన సంచీలోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పక్కపక్కన పరిచారు. ఒకటి శారదమ్మ మేడం కేంద్రంలో ఉండే ఇంగ్లీషు నియమావళి. ఎక్కడ సంపాదించారో ఆయనకే తెలియాలి. రెండోది సంఘం కౌన్సెలింగ్ గదికి ఆయనే స్వయంగా, గ్రాంథికంలో రాసి అచ్చు వేయించినది.

"ఇదేమంటుంది? వచ్చినవాడి గుట్టు బయటపెట్టకూడదు. ప్రాణాపాయం ఉంటేనో, కోర్టు అడిగితేనో తప్ప. అవునా? ఇక మనది చూడు. మనమూ గుట్టు కాపాడమనే అన్నాం. కానీ నాలుగో నియమం ఏమంది? సంఘ క్షేమము నిమిత్తము అవసరమైనచో పెద్దలకు తెలుపవలెను. సంతకం ఎవరిది?"

"నాదే."

"మరి?"

"అవసరమో కాదో ఎవరు తేల్చాలంకుల్?"

"పెద్దలు."

"పెద్దలంటే?"

"మేమే!"

"పెళ్ళికూతురి నాన్నగారూ, పెళ్ళికూతురి మేనత్తగారూనా?"

ఎలీసబెతు ఆంటీ చీర కొంగు భుజం మీదకి లాక్కుంది. అయ్యగారు రెండో అద్దం తుడవడం మొదలుపెట్టారు.

"మీరే రాసిన ఆరో నియమం కూడా చదవండంకుల్. తన కుటుంబీకుల విషయమున కౌన్సెలరు కూర్చుండరాదు. సొంతవాళ్ళ సంగతి వస్తే నేను లేచిపోవాలి. మంచి నియమం. రెండు కాగితాల్లోనూ ఉంది."

"అది కౌన్సెలరుకి. పెద్దలకి కాదు."

"పెద్దలకి ఏ నియమం ఉంది?"

అలాంటి కాగితం ఎవరూ అచ్చు వేయించలేదు మరి.

వెంకటరత్నంగారు కాస్త ముందుకి వంగారు. ఆయన్ని కేవలం మొండిమనిషి అనుకుంటే పొరపాటు. ఆయనకి ఆలోచించడమూ వచ్చు. అదే తంటా.

"చూడమ్మా. నీ ఇంగ్లీషు కాగితానికి నీ ఎదురుగా కూర్చున్నవాడొక్కడే కనిపిస్తాడు. వాడు ఎవరి జీవితంలోకి నడిచిపోతున్నాడో దానికి పట్టదు. ఎందుకంటే ఆ కేంద్రంలో ఎవరికెవరూ ఏమీ కారు. ఇక్కడ అలా కాదు. డోరా నీ చేతికింద సండే స్కూల్లో పాటలు నేర్చుకుంది. ప్రభువు బల్ల దగ్గర నీ పక్కన మోకరిస్తుంది. దాని కాలి ముందు గొయ్యి ఉందని తెలిసి నువ్వు నోరు మూసుకుంటే, అది మౌనం కాదు. అబద్ధం. మన కాగితం గొప్పదనం అదే. ఇద్దరినీ చూస్తుంది."

ఆ మాట దేవకృపకి తగిలింది. చాలా రోజులుగా తనకి తాను చెప్పుకుంటున్నదే అది. శారదమ్మ మేడం దగ్గర ఒక భార్య వచ్చి ఏదైనా చెబితే, ఆ భర్త ముఖం ఎలా ఉంటుందో కూడా దేవకృపకి తెలీదు. ఇక్కడ ప్రతి ముఖమూ తెలుసు. పోయిన ఆదివారం డోరా వచ్చి, పెళ్ళిచీర అంచు బాగుందా అక్కా అని అడిగినప్పుడు, బాగుందని చెప్పి ఆవిడ అటు తిరిగిపోయింది.

"చెప్పాల్సినవాళ్ళచేత, చెప్పాల్సినవాళ్ళకి చెప్పించడమే నా పని అంకుల్," అంది. "ఎవరొచ్చినా అంతే. వాళ్ళ నోట్లో మాట లాక్కుని నేనే చెప్పేస్తే ఇంకెవరూ ఆ గదికి రారు."

"రాకపోతే అయ్యగారి దగ్గరికే వస్తారు."

"అయ్యగారికి చెబితే మీ దాకా వస్తుందని తెలిసే కదా, నా దగ్గరికి వస్తున్నారు!"

కళ్ళజోడు తుడవడం ఆగింది. నోవహు అయ్యగారు మొదటిసారి నేరుగా చూశారు. ఆ చూపులో కోపం లేదు. దొరికిపోయిన మనిషి చూపు అది. దేవకృపకి తన నోటిదురుసు మీద తనకే కోపం వచ్చింది, కానీ అన్న మాట వెనక్కి తీసుకోవడానికి అది చీర కాదు కదా, బిల్లు చూపించి మార్చుకోవడానికి.

"తమ్ముడూ, నువ్వాగు," అంది ఎలీసబెతు ఆంటీ. మెత్తగా అంది. ఆవిడ మెత్తగా మాట్లాడితే స్త్రీల సమాజంలో అందరూ సర్దుకుని కూర్చుంటారు. "రూల్సుతో ఏం పనిరా. ఏమ్మా దేవకృపా, మందులు వేసుకునేవాళ్ళంతా చెడ్డవాళ్ళని నేనంటానా? నాకూ షుగరు మాత్రలున్నాయి. పిల్లాడికి జబ్బుందన్న సంగతి మాకు తెలిసిందేలే. ఏ జబ్బో చెప్పు, చాలు."

దేవకృప ఆవిడవైపు తిరిగింది.

"ఏ పిల్లాడు?"

"మొన్న బుధవారం ఉపవాస ప్రార్థనలో మీ అత్తగారు ఒకరి కోసం ప్రార్థన అవసరత చెప్పిందిగా."

"మా అత్తయ్యా?"

"పేరు చెప్పలేదమ్మా. ఆవిడ అలాంటి మనిషి కాదు. 'పేరు చెప్పను, అది మర్యాద కాదు' అనే మొదలుపెట్టింది. సైనిక్‌పురి నుంచి ఒక యవ్వనస్థుడు వస్తున్నాడు, ప్రకటనలు చదువుతున్నారు, తన వ్యాధి సంగతి ఆ అమ్మాయికి తానే చెప్పే ధైర్యం ప్రభువు ఇవ్వాలి, అందరూ భారంతో ప్రార్థించండి అంది. మేమూ భారంతోనే ప్రార్థించాం. కళ్ళు తుడుచుకున్నవాళ్ళు కూడా ఉన్నారు."

ఈ నెలంతా ఆ సంఘంలో ప్రకటన చదువుతున్నది ఒక్క జంటకే. పేరు చెప్పకపోవడమన్న మర్యాద అంత పకడ్బందీగా జరిగింది.

అత్తగారికి ఎలా తెలిసింది? దేవకృప వెతుక్కోనక్కర్లేదు. ఆ మాటలు తనవే. 'తన వ్యాధి సంగతి ఆ అమ్మాయికి తానే చెప్పే ధైర్యం.' ఆ బుధవారానికి ముందటి రాత్రి సీతాఫల్‌మండిలో, తన ఇంట్లో, కుటుంబ ప్రార్థనలో, చాప మీద మోకరించి, కళ్ళు మూసుకుని, పైకి, స్పష్టంగా, తానే అంది. వాళ్ళ ఇళ్ళల్లో ప్రార్థనంటే గొంతెత్తి చేసేది. చిన్నప్పటి నుంచీ అంతే. పేరెత్తలేదు కాబట్టి గుట్టు దాటలేదనుకుంది. పేరొక్కటే గుట్టు కాదు, ఊరూ, వయసూ, సందర్భమూ కలిపితే పేరేనని శారదమ్మ మేడం కేంద్రంలో కొత్తవాళ్ళకి పాఠం చెప్పేది కూడా తానే. ఎదుట మనిషుంటే ఆ పాఠం గుర్తొచ్చేది. ఎదుట దేవుడున్నాడనుకుంది. పక్కన అత్తగారుందనుకోలేదు.

ఇంగ్లీషు కాగితంలో ప్రార్థన అనే మాటే లేదు. తెలుగు కాగితంలో, వచ్చినవారి నిమిత్తము కౌన్సెలరు ప్రార్థింపవలెను అని ఉంది. ఎంత గట్టిగానో లేదు.

"ఏ జబ్బు?" అన్నారు వెంకటరత్నంగారు. గొంతులో ఇప్పుడు రూలు లేదు. తండ్రి ఉన్నాడు. "మూర్ఛా? క్షయా? ఆ... ఆ పెద్ద జబ్బేనా?"

'ఆ పెద్ద జబ్బు' అనేటప్పుడు ఆయన కళ్ళు కిందికి దిగిపోయాయి. ఆ మూడు రోజుల్లో స్త్రీల సమాజం ఆ కుర్రాడి ఒంట్లో ఎన్ని జబ్బులు పెట్టి చూసిందో దేవకృపకి అర్థమైంది. ఒక్క మాట చాలు. అవేవీ కాదండీ, ఇదీ సంగతి, అంటే చాలు. అబ్బాయి పరువు సగం నిలుస్తుంది. మిగతా సగం ఆ మాటతోనే పోతుంది.

"ప్రాణాపాయం ఉందని తెలిస్తే, ఎవరి విషయంలోనైనా, నేను కమిటీ పిలిచేదాకా కూర్చోను," అంది.

"అంటే జబ్బు మాత్రం ఉన్నట్టే కదా!" ఎలీసబెతు ఆంటీ చటుక్కున అందుకుంది.

"నేనలా అనలేదు."

"లేదని చెప్పు అయితే."

"అదీ చెప్పను."

"అవునంటే అవును, కాదంటే కాదు. ఇందులో మధ్యదేంటి?" బల్ల మీద అరచేత్తో కొట్టారు వెంకటరత్నంగారు. "సరే. నీ ఇష్టం. ఇప్పుడు, ఈ నాలుగు గోడల మధ్య చెబితే, రేపు మూడో ప్రకటన ఆగిపోతుంది. ఏదో కారణం చెప్పుకుంటాం. వాడి పరువూ మిగులుతుంది, నా కూతురి పరువూ మిగులుతుంది. చెప్పకపోతే, రేపు అయ్యగారు అభ్యంతరం ఎవరికైనా ఉందా అని అడుగుతారు చూడు, నేనే లేస్తాను. ఏ జబ్బో వాణ్ణే నిలబెట్టి అడుగుతాను. సంఘమంతా వింటుంది. ఆ పాపం నీదే."

"వెంకటరత్నంగారూ..." అన్నారు అయ్యగారు.

"మీరు చదవండి అయ్యగారూ. చదవడం మీ పని. లేవడం నా పని."

దేవకృప లేచింది. సంచీలోంచి గది తాళంచెవి తీసి ఆ రెండు కాగితాల మధ్య పెట్టింది.

"గుట్టు దాటింది. దాటించింది మా అత్తయ్య కాదు, నేను. రెండు కాగితాల ప్రకారమూ నాదే తప్పు. ఆ సంగతి ముందు చెప్పాల్సింది మీకు కాదు."

"ఎవరికి?"

"అదీ చెప్పకూడదు అంకుల్," అని బయటికి నడిచింది.

వరండాలో నిలబడి శారదమ్మ మేడంకి ఫోన్ చేసింది. పేర్లు లేకుండా జరిగింది చెప్పింది.

"నేను ఏం చెప్పిన నీకు?" అంది శారదమ్మ. "నువ్వు పాటలు పాడే కాడ, నీ అత్త కూసునే కాడ కౌన్సెలింగ్ పెట్టకు, పరేషాన్ అయితవ్ అన్ననా లేదా? సేవ అన్నవ్. ఇగో, ఇదీ సేవ."

"ఏం చెయ్యను మేడం?"

"ఏం చేస్తవ్? ఆయనకు నువ్వే పోయి చెప్పు, ఇంకెవ్వరి నోట్ల నుంచో వినకముందే. సోమారం నా దగ్గర కూసో, మాట్లాడుదం. గప్పటిదాంక ఈడ సుత కొత్త కేసులు తీస్కోకు."

ఫోన్ పెట్టేసింది. ఒకే సాయంత్రం, చెప్పలేదని ఒక గది పోయింది, చెప్పిందని ఇంకో గది మూతపడింది. రెండు నియమావళులూ ఏకాభిప్రాయానికి వచ్చిన సందర్భం బహుశా అదొక్కటే.

క్వయర్ పాటల ప్రాక్టీసు అప్పుడే వదిలారు. యేసుదాసు ఎర్రబండి తాళం తీస్తూ కనిపించాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని ఉన్నాడు. దేవకృపని చూసి నవ్వాడు. ఆ నవ్వు చూడటం ఆవిడకి కమిటీ గదికంటే కష్టమైంది.

"అక్కా, ఇయ్యాల చెప్పేస్త. డోరాని ఐస్‌క్రీమ్ తిందామని రమ్మన్న. ఎట్ల షురూ చేయాల్నో సుత మస్తుసార్లు చెప్పుకొని చూసిన."

"యేసుదాసూ, ఒక్క నిమిషం. నేనొక తప్పు చేశాను."

చెప్పింది. కుటుంబ ప్రార్థన, అత్తగారు, బుధవారం, కమిటీ గది. రేపు వెంకటరత్నంగారు లేస్తానన్న మాట కూడా. దేన్నీ తగ్గించలేదు. తప్పు ఒప్పుకునేటప్పుడు పనికొచ్చే మెత్తటి మాటలు ఆవిడ వృత్తిలో బోలెడున్నాయి. ఒక్కటీ వాడబుద్ధి కాలేదు.

అతని ముఖంలో నవ్వు వెంటనే పోలేదు. ఎటు పోవాలో తెలియనట్టు కాసేపు అక్కడే ఉండి, అప్పుడు పోయింది.

"ఎంతమందికి తెల్సు?"

"బుధవారం వచ్చినవాళ్ళందరికీ. జబ్బేదో తెలీదు. ఉందని తెలుసు."

"గంతే! ఏదో తెల్వదు. అంటే ఎవ్వలకి తోచింది వాళ్ళు అనుకుంటరన్నట్టు." బండి హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాడు. "మా నాయిన కాడ సుత, దవాఖాన్ల నుంచి బయటికొచ్చినంక మళ్ళ ఆ మాట ఎత్తలే. మా అన్నకి చెప్పలే. నీకు చెప్పిన. నా కోసం ప్రార్థన చేయమని అడిగింది సుత నేనే. నిజమే. దేవునికి చెప్పమన్న అక్కా. ఆడోళ్ళ మీటింగ్‌కి చెప్పమనలే."

"నేను..."

"సారీ చెప్పకు. నువ్వు సారీ చెప్తే, పర్వాలేదక్కా అని నేను అనాలె. అననీకి వస్తలేదు నాకు."

గేటు దగ్గర డోరా నిలబడి చెయ్యి ఊపింది. యేసుదాసు ఆ పిల్లవైపు చూశాడు. మెట్ల మీద గుంపుగా నిలబడి ఉన్న ఆడవాళ్ళ వైపు చూశాడు. వాళ్ళందరూ ఒక్కసారే తల తిప్పుకున్నారు. అతను బండి స్టార్ట్ చేసి, డోరా పక్కనుంచే, ఆగకుండా వెళ్ళిపోయాడు. ఊపిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

దేవకృప ఇంటికొచ్చేసరికి అత్తగారు జ్ఞానమణి చాప పరిచి సిద్ధంగా ఉంది. ఆవిడ గుంటూరు దగ్గర బడిపంతులమ్మగా చేసింది. ఎవరి గురించీ చెడు మాట్లాడదు. ప్రార్థిస్తుంది.

"బుధవారం మీరు చెప్పిన అవసరత వల్ల ఏం జరిగిందో తెలుసా అత్తయ్యా?"

"నేనేం చెప్పానే? పేరెత్తితే ఒట్టు! పాపం, పిల్లాడు బాధలో ఉన్నాడంటివి. పది నోళ్ళు ప్రార్థిస్తే మంచిది కాదూ?"

"పది నోళ్ళనే అత్తయ్యా. నాకూ అదే బాధ."

"అయితే నీదే తప్పు. గుట్టైతే నా ముందు ఎందుకు ప్రార్థించావు?"

న్యాయమైన ప్రశ్న. దేవకృప మోకరించి కళ్ళు మూసుకుంది. ఎంతసేపటికీ శబ్దం రాకపోయేసరికి జ్ఞానమణి ఒక కన్ను తెరిచింది.

"ఏంటే, నిద్రపోయావా?"

"మనసులో చేసుకుంటున్నానత్తయ్యా."

"అలా అయితే ఎలా వినపడుద్ది?"

"దేవుడికి వినపడుతుంది. మీకే వినపడదు."

జ్ఞానమణి రెండో కన్ను కూడా తెరిచింది. ఆ కోడలు ఆ ఇంటికొచ్చాక అత్తగారికి మాట దొరక్కపోవడం అదే మొదలు. దేవకృపకి మాత్రం అందులో గెలిచినట్టేమీ అనిపించలేదు. యేసుదాసుకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా తీయలేదు.

ఆదివారం చర్చి నిండిపోయింది. మామూలుగా కానుకల పాట మొదలయ్యాక వచ్చేవాళ్ళు కూడా మొదటి గంటకే వచ్చి కూర్చున్నారు. అంత ఆధ్యాత్మిక ఆసక్తి క్రిస్మస్‌కి కూడా కనిపించదు.

యేసుదాసు వచ్చాడు. నిన్నటి చొక్కాతోనే వచ్చాడు. క్వయర్‌లో తన చోటికి పోకుండా మగవాళ్ళ వైపు చివరి వరసలో, తలుపు పక్కన కూర్చున్నాడు. అతని చుట్టూ రెండు వైపులా జాగా ఖాళీగా ఉంది. మిగతా బెంచీల మీద పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా, ఆ జాగాలోకి ఎవరూ రాలేదు. దేవకృప అది చూసింది. ఆ ఖాళీ తాను చేసిందేనని తెలుసు. లేచి వెళ్ళి అక్కడ కూర్చోవాలనిపించింది. కౌన్సెలరు అలా చేయకూడదు. చేస్తే, ఔను వీడే అని చెప్పినట్టే.

నోవహు అయ్యగారు ప్రకటన కాగితం తీశారు. తీసే ముందు కళ్ళజోడు తుడుచుకోలేదు. పేర్లు చదివారు. సైనిక్‌పురి కాపురస్థుడు యేసుదాసు. రాంగోపాల్‌పేట్ కాపురస్థురాలు డోరా.

"ఇది మూడవ ప్రకటన. వీరి వివాహమునకు న్యాయమైన అభ్యంతరము ఎవరికైనా తెలిసియున్నచో..." అక్కడ ఆయన గొంతు ఆగింది. ముందువరసలో వెంకటరత్నంగారు కోటు గుండీ పెట్టుకుని, బెంచీ అంచు పట్టుకున్నారు. "...ఇప్పుడే తెలియజేయవలెను."

వెంకటరత్నంగారు లేవబోయారు. సగం లేచారు.

"అభ్యంతరం ఉందయ్యగారూ."

ఆ గొంతు ఆయనది కాదు. క్వయర్‌లోంచి వచ్చింది. డోరా పాటల పుస్తకం బల్ల మీద పెట్టి నిలబడింది. రాత్రంతా ఏడ్చిన ముఖం, కానీ ఇప్పుడు ఏడవడం లేదు. ఎలీసబెతు ఆంటీ "డోరా!" అని గట్టిగా గుసగుసలాడింది. ఆ గుసగుస వెనక వరస దాకా వినిపించింది.

"కూర్చో తల్లీ, నాన్నగారు మాట్లాడతారు," అన్నారు అయ్యగారు.

"నాన్నగారిది పెళ్ళికొడుకు మీద అభ్యంతరం. నిన్న ఇంట్లో విన్నాను. జబ్బుంది, దాచాడు, దాచినవాణ్ణి నిలబెట్టి అడగాలి అని. సరే. దాచినవాళ్ళని నిలబెట్టి అడగాలంటే, ముందు నన్ను అడగండి. నాది పెళ్ళికూతురి మీద అభ్యంతరం."

చివరి వరసలో యేసుదాసు తలెత్తాడు. దేవకృప ఆ పిల్లవైపు చూస్తూ ఉండిపోయింది. ఇద్దరినీ చూసే కాగితం, ఒక్కణ్ణే చూసే కాగితం అని అంత వాదించుకున్నారు నిన్న. ఈ పిల్లని ఎవరూ, తనతో సహా, ఒక్క మాట అడగలేదు.

సగం లేచిన వెంకటరత్నంగారు పూర్తిగా లేవలేదు. ఎవరో భుజం పట్టి కిందకి నొక్కినట్టు కూర్చుండిపోయారు. ఆయన ముఖంలో ఆశ్చర్యం లేదు. అది దేవకృప గమనించింది. ఆ సంగతేదో ఆయనకి తెలుసు. ఎప్పటినుంచో తెలుసు.

"డోరా," అన్నారాయన, నిన్న బల్ల చరిచిన మనిషేనా అనిపించేంత చిన్న గొంతుతో. "ఇంటికెళ్దాం రామ్మా."

"మూడో ప్రకటన ఇది నాన్నా. మళ్ళీ అడగరు." డోరా క్వయర్ మెట్టు దిగి, మధ్య దారిలోకి వచ్చి, తండ్రి ఎదురుగా ఆగింది. "విజయవాడలో ఏం జరిగిందో నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"